సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి? తెల్లకణం మింగుడు మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఇక్కడ తెల్లరక్తకణాల గురించి రాస్తూ "అవి సూక్ష్మజీవుల్ని మింగేస్తాయి" అని ఒక్క వాక్యంలో తేల్చేసి ముందుకు పోయాను. మీరు మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయారు. కొందరు సరదాగా రాశారు, కొందరు పరీక్షల టెన్షన్‌తో, ఒక మాస్టారైతే కాస్త కోపంగానే. అందుకని ఈసారి పేజీ మొత్తం ఆ మింగుడికే ఇచ్చేశాను.

*కణానికి నోరు లేదు, పళ్ళు లేవు, చేతులు లేవు. మరి మింగడం అంటే ఏమిటండీ? ఎనిమిదో తరగతి చదివే మా మనవడు అడిగాడు, చెప్పలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.*
*– ఒక పాఠకురాలు, తెనాలి*

వంటింట్లోకి వెళ్ళారు కదా, జవాబు అక్కడే ఉందమ్మా. బొబ్బట్లు చేసేటప్పుడు పిండిముద్దని అరచేతిలో వెడల్పుగా అద్ది, మధ్యలో పూర్ణం ఉండ పెట్టి, చుట్టూ అంచుల్ని పైకి లాగి నెత్తిమీద చిటికెతో మూసేస్తారు కదా. తెల్లకణం చేసేది అచ్చంగా అదే. సూక్ష్మజీవి వచ్చి ఆనిన చోట కణం పొర కాస్త గిన్నెలా గుంటపడుతుంది, గిన్నె అంచులు దాని చుట్టూ పైకి లేస్తాయి, అవతలి కొసన కలుసుకుని మూసుకుపోతాయి. ఇంకేముంది, సూక్ష్మజీవి ఇప్పుడు కణం కడుపులో ఒక సంచిలో బందీ. దీన్నే ఫాగోసైటోసిస్ అంటారు, తెలుగు పాఠ్యపుస్తకాల్లో భక్షణ అని ఉంటుంది.

తేడా ఒక్కటే. బొబ్బట్టుకి అంచులు లాగడానికి మీ వేళ్ళున్నాయి, కణానికి బయట ఎవరూ లేరు. పిండి తనంతట తానే లేవాలి, అంటే లోపలినుంచి ఏదో నెట్టాలి. ఆ నెట్టేదాని పేరు యాక్టిన్. చిన్న చిన్న ప్రోటీన్ పూసలు ఒకదాని వెనక ఒకటి చేరి దారంలా పెరుగుతాయి, దారం మందం సుమారు 7 నానోమీటర్లు. పొరకి తగులుతున్న కొస దగ్గర కొత్త పూసలు చేరేకొద్దీ పొర ముందుకు జరుగుతుంది. కణం అస్థిపంజరం అని మనం గొప్పగా చెప్పుకునేది చాలావరకు ఇలాంటి దారాలే, కాకపోతే ఇది మన ఎముకల్లాంటిది కాదు, నిమిషంలో కట్టి నిమిషంలో విప్పేసే అస్థిపంజరం.

మనవడు తప్పకుండా ఇంకో ప్రశ్న వేస్తాడు, ముందే చెప్పేస్తాను. కళ్ళు లేకుండా ఎంతవరకు చుట్టాలో కణానికి ఎలా తెలుస్తుంది? తెలియదు, తడుముకుంటూ పోతుంది. సూక్ష్మజీవి ఒంటినిండా యాంటీబాడీలు, అంటే దాన్ని పట్టుకోవడానికి మన ఒళ్ళు తయారుచేసే ప్రోటీన్లు, అంటుకుని ఉంటే, వాటి తోకల్ని కణం పొరమీది రిసెప్టర్లు ఒక్కొక్కటిగా పట్టుకుంటూ ముందుకెళతాయి, జిప్పు పళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పడ్డట్టు. 1970ల మధ్యలో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఒక తుంటరి పరీక్ష చేశారు. మింగాల్సిన కణానికి ఒళ్ళంతా కాకుండా ఒక కొసన మాత్రమే యాంటీబాడీలు ఉండేలా చూసి మాక్రోఫేజ్‌కి అందించారు. మాక్రోఫేజ్ అంటే మింగుడులో ఆరితేరిన తెల్లకణం. అది వచ్చి ఆ కొసని గట్టిగా పట్టుకుంది, అక్కడితో ఆగిపోయింది, మింగలేదు. పళ్ళు లేని చోట జిప్పు ఎలా పడుతుంది?

పట్టుకోవడం వేరు, మింగడం వేరు అని నాకు ఒక వాటర్‌బాత్ నేర్పింది. చదువుకునే రోజుల్లో మాక్రోఫేజ్‌ల మీద ఈస్ట్ వేసి ఐస్ మీద పెట్టాం. చల్లగా ఉంటే ఈస్ట్ కణాలు వచ్చి అంటుకుంటాయి గాని లోపలికి పోవు, తర్వాత 37 డిగ్రీల నీళ్ళలో పెడితే అన్నీ ఒకేసారి మింగడం మొదలెడతాయి, టైము చూసుకోవడానికి అదొక వీలు. పది నిమిషాలు చూశాను, ఇరవై చూశాను, అరగంట అయింది, మైక్రోస్కోప్ కింద ఈస్ట్‌లన్నీ ఇంకా చిమ్నీలైట్లలా మెరుస్తూ బయటే ఉన్నాయి. మింగితే ఆ మెరుపు పోయి మసగ్గా కనిపించాలి. తీరా చూస్తే వాటర్‌బాత్ ప్లగ్గు పెట్టలేదు. ప్లగ్గు పెట్టి నీళ్ళు కాగాక, కొద్ది నిమిషాల్లోనే ఒక్కో దీపం ఆరిపోతూ వచ్చింది.

*పోయిన నెల మీరు "పొరలోని కొవ్వు ఆజ్ఞలిస్తుంది" అని రాశారు. నలభై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. పొర అంటే కొవ్వు గోడ, పని చేసేది ప్రోటీను. గోడ ఆజ్ఞలివ్వడమేమిటి? పిల్లలు చదివే పత్రికలో ఇలా రాయొచ్చా?*
*– విశ్రాంత ఉపాధ్యాయులు, కాకినాడ*

మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే, ఎందుకంటే చాలాకాలం సైన్సు కూడా అలాగే అనుకుంది. కానీ 1953లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ అనే దంపతులు క్లోమం ముక్కల్ని తీసుకుని, వాటికి స్రవించమని సంకేతమిచ్చే రసాయనం కలిపి చూస్తే, పొరలోని ఫాస్ఫేట్ ఉన్న కొవ్వులైన కొన్ని ఫాస్ఫోలిపిడ్‌లలోకి ఫాస్ఫేట్ గబగబా ఎక్కడం కనిపించింది. బయట పిలుపు వినిపిస్తే గోడలో ఇటుకలు మారుతున్నాయన్నమాట. దానికి అర్థమేమిటో తేలడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది.

ఆ మారే ఇటుక పేరు ఫాస్ఫాటిడైల్ ఇనోసిటాల్. మీకు కెమిస్ట్రీ కొత్తగా చెప్పక్కర్లేదు: రెండు కొవ్వు తోకలు పొరలో దిగబడి ఉంటాయి, తల మాత్రం కణం లోపలివైపుకి తొంగిచూస్తూ ఉంటుంది. ఆ తల ఇనోసిటాల్ అనే ఆరు కార్బన్ల చక్రం. చక్రంలో 3, 4, 5 స్థానాల్లో ఫాస్ఫేట్ తగిలించొచ్చు, తీసేయొచ్చు. 4, 5 స్థానాల్లో రెండు ఉంటే దాన్ని ముద్దుగా పిప్-2 అంటారు, 3లో ఇంకోటి తగిలిస్తే పిప్-3. ఇంటి గుమ్మానికి మావిడాకులు కడితే శుభకార్యమనీ, వేపమండలు కడితే అమ్మవారు పోసిందనీ వీధిలో వాళ్ళకి అర్థమైపోతుంది కదా, గుమ్మం నోరు విప్పిందా? పిప్-2ని చూసి వచ్చే ప్రోటీన్లు వేరు, పిప్-3ని చూసి వచ్చేవి వేరు. పని చేసేది ప్రోటీనే, మీ మాట కాదనను. ఎక్కడ, ఎప్పుడు చేయాలో చెప్పేది మాత్రం గుమ్మం.

దీనికీ యాక్టిన్‌కీ ముడి 1985లో పడింది, స్వీడన్‌లో లాసింగ్, లిండ్‌బెర్గ్ అనే ఇద్దరి చేతుల్లో. ప్రొఫిలిన్ అనే ప్రోటీన్ యాక్టిన్ పూసని పట్టుకుని ఉంటుంది, పిప్-2 తగిలితే ఆ జంట విడిపోయిందని వాళ్ళు చూపించారు. కొవ్వు తలకాయ ఒకటి అస్థిపంజరం ముడిసరుకుని నేరుగా తాకిందని ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

*ఎమ్మెస్సీ బయోటెక్ చదువుతున్నాను. నోట్స్‌లో ఒకచోట "పిప్-2 యాక్టిన్‌ని పెంచుతుంది" అని ఉంది. రెండు పేజీల తర్వాత "పిప్-2 పోతేనే ఫాగోసైటోసిస్ పూర్తవుతుంది" అని ఉంది. రెండూ ఎలా నిజమవుతాయి? మా సార్‌ని అడిగితే "రెండూ రాసెయ్, మార్కులు పడతాయి" అన్నారు.*
*– విద్యార్థిని, వరంగల్*

మార్కులు పడతాయి, నిజమే. కానీ ఈ విషయం మొత్తంలో అసలు తమాషా అంతా నువ్వు ఆగిన ఆ రెండు పేజీల మధ్యే ఉందమ్మా, అందుకే దీనికి కాస్త ఎక్కువ జాగా తీసుకుంటున్నాను.

మీ వీధిలో ఎక్కడో ఒక అపార్ట్‌మెంట్ కడుతూనే ఉంటారు, వెళ్ళి చూడు. స్లాబ్ పోయాలంటే కింద సెంట్రింగ్ కొట్టాలి, కర్రలో జాకీలో నిలబెట్టి పైన ప్లేట్లు పరవాలి. అది లేకుండా స్లాబ్ లేదు. కానీ ఆ మేస్త్రీ దగ్గర సెంట్రింగ్ సామాను లెక్కగా ఉంటుంది, అద్దెకి తెచ్చింది కూడా. కింది అంతస్తులో విప్పితేనే పై అంతస్తుకి సామాను. స్లాబ్ గట్టిపడ్డాక కూడా కింద అలాగే ఉంచేశాడనుకో, పై స్లాబ్ ఆగిపోతుంది, అద్దె మాత్రం నడుస్తూ ఉంటుంది. సెంట్రింగ్ కొట్టడం నిజమే, విప్పడం నిజమే. తేడా ఎక్కడ, ఎప్పుడు అన్నదాంట్లో ఉంది. నీ నోట్స్‌లో రాయకుండా వదిలేసింది ఆ రెండు మాటలే.

ఇప్పుడు కణంలోకి వద్దాం. యాంటీబాడీ అద్దిన సూక్ష్మజీవి మాక్రోఫేజ్‌కి తగిలింది. రిసెప్టర్ ఒక్కటి పట్టుకుంటే ఏమీ కాదు, పది కలిసి గుంపయితే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌లైన సార్క్ కుటుంబపు కైనేజ్‌లు వచ్చి వాటి తోకలకి ఫాస్ఫేట్ పెడతాయి, ఆ ఫాస్ఫేట్‌లని పట్టుకుని సిక్ అనే ఇంకో కైనేజ్ వచ్చి కూర్చుంటుంది. ఇక్కడిదాకా నీ నోట్స్‌లో బొమ్మలతో సహా ఉండే ఉంటుంది, వదిలేద్దాం. తర్వాత గిన్నె మొదలైన చోట పిప్-2 మామూలుకన్నా పెరుగుతుంది. మామూలుగా పొర కొవ్వుల్లో అది నూటికి ఒక వంతు అటూ ఇటూగా ఉండే సరుకు, ఇక్కడ మాత్రం పోగుపడుతుంది.

పోగుపడితే ఏమవుతుంది? వాస్ప్ అనే ప్రోటీన్ మామూలప్పుడు ముడుచుకుని పడుకుని ఉంటుంది, సీడీసీ42 అనే స్విచ్ లాంటి ప్రోటీనూ పిప్-2 రెండూ కలిసి తట్టి లేపితే విచ్చుకుంటుంది. విచ్చుకున్న వాస్ప్ వెళ్ళి ఆర్ప్2/3 అనే యంత్రాన్ని పనిలో పెడుతుంది. ఆ యంత్రం పాత యాక్టిన్ దారం పక్కనుంచి సుమారు 70 డిగ్రీల వాలులో కొత్త కొమ్మ వేస్తుంది, కొమ్మకి మళ్ళీ కొమ్మ, చూస్తుండగా కంపచెట్టులా అల్లుకుపోతుంది. మరోపక్క దారాల కొసలకి మూతలు పెట్టే ప్రోటీన్లని పిప్-2 లాగేసుకుంటుంది, దారాల్ని కత్తిరించే కోఫిలిన్‌ని కూడా తన దగ్గర కట్టేసి ఉంచుతుంది. అంటే మేస్త్రీని పిలిచింది, సామాను తెప్పించింది, విప్పేవాణ్ణి కాసేపు గదిలో పెట్టి గడియ వేసింది. "పిప్-2 యాక్టిన్‌ని పెంచుతుంది" అన్న వాక్యం వెనక ఉన్నది ఇదంతా.

గిన్నె లేచింది, అంచులు పైకి పోతున్నాయి. ఇక్కడే రెండో వాక్యం మొదలవుతుంది. 2000లో టొరంటోలోని పిల్లల ఆసుపత్రిలో సెర్జియో గ్రిన్‌స్టీన్ బృందం పిప్-2 తలని మాత్రమే గుర్తుపట్టి పట్టుకునే ఒక ప్రోటీన్ ముక్కకి ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ తగిలించి, మాక్రోఫేజ్ లోపల ఏం జరుగుతుందో బతికుండగానే చూసింది. మింగే చోట ఆకుపచ్చ వెలుగు మొదట గుప్పుమంది. తర్వాత కాసేపటికే, సంచి మూతపడే వేళకి, అక్కడ చీకటి. చుట్టూ ఉన్న మిగతా పొరంతా ఆకుపచ్చగానే ఉంది, సంచి చుట్టూ మాత్రం ఎవరో తుడిచేసినట్టు పోయింది.

తుడిచేది ఒకరు కాదు. పీఐ3-కైనేజ్ పిప్-2కి ఇంకో ఫాస్ఫేట్ తగిలించి పిప్-3గా మార్చేస్తుంది. పీఎల్‌సీ-గామా అనే ఎంజైమ్ దాన్ని తలకీ తోకకీ మధ్య రెండు ముక్కలు చేసేస్తుంది. 5వ స్థానంలో ఫాస్ఫేట్‌ని పీకేసే ఎంజైమ్‌లు వేరే ఉన్నాయి. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇంకోటుంది. పిప్-2ని తయారుచేసే కైనేజ్ ఉంది చూడు, అది పొరకి అంటుకుని ఉండేది పొర లోపలివైపున్న రుణావేశం వల్ల. ఆ ఆవేశంలో పెద్ద వాటా పిప్-2దే. పిప్-2 తగ్గడం మొదలైతే ఆవేశం తగ్గుతుంది, ఆవేశం తగ్గితే తయారుచేసే కైనేజ్ పట్టు తప్పి జారిపోతుంది, అది జారిపోతే కొత్త పిప్-2 తయారవదు. అందుకే ఆ తగ్గడం మెల్లగా కాకుండా ఒక్క ఊపున జరుగుతుంది.

అప్పుడు గదిలో పెట్టిన కోఫిలిన్ బయటికొస్తుంది. వాస్ప్‌ని లేపే చేయి ఉండదు. కొత్త కొమ్మలు ఆగిపోతాయి, పాత దారాలు తెగి పూసలుగా విడిపోతాయి. ముందుగా ఎక్కడ? గిన్నె అడుగున. అక్కడ పని అయిపోయింది, సూక్ష్మజీవి కింద ఇంకా దట్టంగా కంపలు ఉంచుకుని ఏం లాభం, పైగా అది లోపలికి దిగడానికి అడ్డం కూడా. విడిపోయిన పూసలు అంచుల దగ్గర కొత్త అల్లికకి పనికొస్తాయి. 2005లో అదే బృందం పిప్-2 పోకుండా అడ్డుపడి చూసింది. అడుగున యాక్టిన్ కదల్లేదు, మింగుడూ ముందుకు సాగలేదు. కొట్టిన సెంట్రింగ్ కొట్టినట్టే ఉండిపోయింది.

కాబట్టి పరీక్షలో రెండూ రాయి, కానీ మొదటిదాని ముందు "మొదట్లో, గిన్నె మొదలయ్యే చోట" అనీ, రెండోదాని ముందు "తర్వాత, అడుగు నుంచి" అనీ చేర్చు. వీలైతే బొమ్మ వేయి. అంచుల దగ్గర నల్లగా గీతలు, అడుగున ఖాళీ. ఆ ఒక్క బొమ్మ చాలు.

*వోర్ట్‌మానిన్‌తో పీఐ3-కైనేజ్‌ని ఆపేస్తే మాక్రోఫేజ్ మింగడానికి వేసిన చిన్న పూసల్ని మింగుతుంది, పెద్దవాటిని మింగలేదు అని పిల్లలకి చెబుతుంటాను. ఎందుకని ఎవరైనా అడుగుతారేమో అని ప్రతి ఏడూ భయమే. ఎవరూ అడగలేదు, నేనే అడుగుతున్నాను.*
*– డిగ్రీ కాలేజీ లెక్చరర్, అనంతపురం*

మీ నిజాయితీకి దండమండీ. ముందు లెక్క చూడండి. 1 మైక్రోమీటర్ వ్యాసం ఉన్న పూస ఉపరితలం సుమారు 3 చదరపు మైక్రోమీటర్లు. 8 మైక్రోమీటర్ల పూసది సుమారు 200. వ్యాసం ఎనిమిదింతలే, చుట్టాల్సిన గుడ్డ మాత్రం అరవై నాలుగింతలు. చిన్నదానికి ఒక గది ఇల్లు కట్టినట్టు, ఉన్న సెంట్రింగ్‌తో ఒక్క విడతలో అయిపోతుంది, విప్పి మళ్ళీ వాడే అవసరమే రాదు. పెద్దదానికి అడుగున విప్పకపోతే పైకి చాలదు.

విప్పించేది పిప్-3. దాన్ని తయారుచేసేదే పీఐ3-కైనేజ్. 2015లో మళ్ళీ టొరంటో నుంచే వచ్చిన పనిలో తేలింది ఏమిటంటే, పిప్-3 మూడు ప్రోటీన్లని గిన్నె దగ్గరికి పిలుస్తుంది, ఆ మూడూ రాక్, సీడీసీ42 అనే స్విచ్‌లని ఆపేసేవి. స్విచ్ ఆగితే ఆ చోట యాక్టిన్ అల్లడం ఆగుతుంది. మూడింటినీ ఒకేసారి తగ్గిస్తే పెద్దవాటిని మింగడం దెబ్బతింది. వోర్ట్‌మానిన్ వేసిన మాక్రోఫేజ్‌ని చూస్తే పాపమనిపిస్తుంది, చేతులు చాపుతుంది, సగందాకా చుడుతుంది, మూయలేక అలాగే ఉండిపోతుంది, అడుగున యాక్టిన్ మాత్రం దిట్టంగా పేరుకుని ఉంటుంది. కండరాల మయోసిన్‌కి బంధువైన మయోసిన్-10 అని ఒకటుంది, అంచుల్ని చాపడంలో దాని చేయి కూడా ఉంది, అదీ పిప్-3ని పట్టుకునే వచ్చేది. కైనేజ్ ఆగితే అదీ రాదు.

పెద్దవాటి గొడవ మనకెందుకు అంటారేమో పిల్లలు. ముసలిదైపోయిన ఎర్రరక్తకణం వ్యాసం 7, 8 మైక్రోమీటర్లు. మన ప్లీహంలో, కాలేయంలో మాక్రోఫేజ్‌లు సెకనుకి ఇరవై లక్షల దాకా అలాంటివాటిని మింగుతూనే ఉంటాయి.

*మాది రేకుల షెడ్లు వేసే పని. సిమెంటు రేకులు మిషన్‌తో కోస్తుంటే దుమ్ము లేస్తుంది. అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులు పోతాయి అంటారు. ఇసుక దుమ్ము, సున్నం దుమ్ము రోజూ పీలుస్తూనే ఉన్నాం, దీనికేం ప్రత్యేకం?*
*– ఒక పాఠకుడు, నల్గొండ*

తమ్ముడూ, ఇది సరదా ప్రశ్న కాదు, నేరుగా చెబుతాను. ఆస్బెస్టాస్ నార సన్నటి సూదిలా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ దాన్ని కూడా మింగబోతుంది. కానీ మాక్రోఫేజ్ తానే 20 మైక్రోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది, నార అంతకన్నా పొడుగ్గా ఉంటే ఏం చేస్తుంది? ఒక కొసనుంచి గిన్నె వేసి జరుగుతూ జరుగుతూ పోతుంది, రెండో కొస దొరకదు. గిన్నె మూతపడదు. సూక్ష్మజీవిని చంపడానికి లోపలి సంచిలో పోయాల్సిన ఘాటు రసాయనాలు తెరిచి ఉన్న మూతిలోంచి బయటికి కారి, పక్కనున్న మన కణాలనే కాలుస్తాయి. వాపు సంకేతాలు ఆగకుండా పోతుంటాయి. ఆ మాక్రోఫేజ్ చచ్చినా నార అరగదు, ఇంకో మాక్రోఫేజ్ వచ్చి అదే కథ మళ్ళీ మొదలెడుతుంది, ఏళ్ళ తరబడి. అందుకే ఈ జబ్బు దుమ్ము పీల్చిన ఇరవై, ముప్పై ఏళ్ళకి బయటపడుతుంది. ఇసుక దుమ్మేమీ మంచిది కాదు, సిలికా కూడా ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, అది చేసే తీరు వేరు.

రేకు పొడిగా ఉండగా మిషన్‌తో కోయకండి. నీళ్ళతో తడిపి, చేతి రంపంతో కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. ముఖానికి తుండుగుడ్డ చాలదు, సన్నటి దుమ్మునాపే మాస్క్ కావాలి. ఆ బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. ఇప్పటికే ఆయాసం ఉంటే ఛాతీ డాక్టర్‌కి చూపించుకుని, చేసే పని ఏమిటో తప్పకుండా చెప్పండి, అడగకపోయినా చెప్పండి.

*టీబీ క్రిమిని మాక్రోఫేజ్ మింగుతుంది కదా, మరి చావదేం? ఆరు నెలల మందులు ఇచ్చే నాకు పేషెంట్లు రోజూ వేసే ప్రశ్న ఇది.*
*– స్టాఫ్ నర్సు, శ్రీకాకుళం*

మింగడం దగ్గర ఆ క్రిమికేమీ అభ్యంతరం లేదమ్మా, లోపలికి రావడమే దానికి కావాలి. మోసం ఆ తర్వాత మొదలవుతుంది. సంచి మూసుకున్నాక పిప్-2, పిప్-3 పోయి గుమ్మానికి కొత్త తోరణం కడతారు, ఇనోసిటాల్ చక్రంలో 3వ స్థానంలో మాత్రమే ఒక్క ఫాస్ఫేట్. దాన్ని పీఐ3పీ అంటారు. దాన్ని చూసే కణం లోపలి చిన్న సంచులు బళ్ళలా వచ్చి కలుస్తాయి, సంచి అంచెలంచెలుగా ఆమ్లంతో నిండి, చివరికి అరిగించే రసాలుండే లైసోజోమ్‌తో కలిసి సూక్ష్మజీవిని అరిగించేస్తుంది. టీబీ క్రిమి శాప్-ఎమ్ అనే ఎంజైమ్‌ని వదిలి ఆ ఫాస్ఫేట్‌ని పీకేస్తుంది, దాని గోడలోని ఒక జిడ్డు పదార్థం కొత్తది తయారవకుండా అడ్డుపడుతుంది. తోరణం లేని ఇంటికి పెళ్ళివారు రారు. క్రిమి లోపల హాయిగా కూర్చుంటుంది, మందులు అన్ని నెలలు వాడడానికి అదీ ఒక కారణం.

ఇంతకన్నా గడుసుది సాల్మొనెల్లా. అది పేగు గోడలో కణాల్లోకి దూరుతుంది, ఆ కణాలు మాక్రోఫేజ్‌ల్లా మింగుడు అలవాటున్నవి కూడా కాదు. ఇది సోప్-బి అనే ఎంజైమ్‌ని సూదిమందులా లోపలికి ఎక్కించి, తాను దిగే చోట పిప్-2ని తుడిచేసి పొర తెగి మూసుకునేలా చేస్తుంది. వరంగల్ అమ్మాయికి చెప్పిన రెండో వాక్యం ఈ దొంగకి మనకన్నా ముందే తెలుసు.

*ఈ మింగుడుని మొదట చూసినవారెవరు?*
*– ఒక పాఠకుడు, హోసూరు*

ఆ పేరు తెచ్చుకున్నది ఇల్యా మెచ్నికోవ్, రష్యా సామ్రాజ్యంలోని ఉక్రెయిన్ ప్రాంతంవాడు. 1882లో సిసిలీ దీవిలోని మెస్సినా ఊళ్ళో ఉన్నాడు. ఇంట్లోవాళ్ళంతా సర్కస్‌లో కోతుల ఆట చూడ్డానికి వెళితే తను ఒక్కడే ఉండి, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లకి తోటలోని గులాబీ ముల్లు గుచ్చాడు. మర్నాడు పొద్దున చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. టీబీ క్రిమిని కనిపెట్టానని రాబర్ట్ కోచ్ ప్రకటించింది కూడా ఆ 1882లోనే.

*మా ఊరి యల్లాప్రగడ సుబ్బారావు గారికి దీనితో ఏమైనా సంబంధం ఉందా? ప్రతిదానికీ ఆయన్ని లాగుతావని మా ఆవిడ వెక్కిరిస్తుంది.*
*– ఒక పాఠకుడు, భీమవరం*

ఈసారి మీరే గెలిచారు, ఆవిడకి చూపించండి. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు గారు ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి కనిపెట్టారు, ద్రావణం ఎంత నీలంగా మారితే అంత ఫాస్ఫేట్ ఉన్నట్టు. ఫాస్ఫోలిపిడ్‌లలో ఫాస్ఫరస్ కొలవడానికి లాబ్‌ల్లో దశాబ్దాలుగా వాడుతున్న బార్ట్‌లెట్ పద్ధతి, 1959 నాటిది, దానిమీద కట్టిందే. 1929లో వాళ్ళిద్దరూ కండరంలో కణాలకి శక్తినిచ్చే ఏటీపీని కనిపెట్టారు, అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. దారంలో చేరబోయే ప్రతి యాక్టిన్ పూస పొట్టలో ఒక ఏటీపీ ఉంటుంది. చేరాక అది ఖర్చయిపోతుంది, అలా పాతబడ్డ పూసల్నే కోఫిలిన్ వెతికి పట్టుకుని దారాన్ని తెంపుతుంది. అంటే ఏ సెంట్రింగ్ పాతదో ఏది కొత్తదో తెలిసేది కూడా ఆయన కనిపెట్టిన ఏటీపీ వల్లే.

*ఇనోసిటాల్ పొడి, ఒమేగా-3 గోలీలు వాడితే ఈ పిప్-2 పెరిగి ఇమ్యూనిటీ వస్తుందని ఒకాయన అమ్ముతున్నాడు. కొనమంటారా?*
*– గృహిణి, విజయవాడ*

వద్దండి. ఇనోసిటాల్‌ని మన ఒళ్ళు గ్లూకోజ్ నుంచి తానే తయారుచేసుకుంటుంది, తిండిలోంచీ వస్తుంది. పిప్-2 పెరగడం తరగడం సెకన్ల మీద, పొరలో వేలి గోరంత కూడా కాదు, అందులో కోట్లవంతు చోట, ఎంజైమ్‌ల చేతిలో జరిగే పని. గోలీ వెళ్ళి ఏ గిన్నె అడుగున అని చూసుకుంటుంది? పైగా పిప్-2 ఊరికే పెరిగి కూర్చుంటే మింగుడు ఆగిపోతుందని పైన చదివారుగా, ఆయన చెప్పింది నిజమైతే కొనకపోవడానికి అది ఇంకో కారణం.